పురి

మూడొందల ఐదు మీటర్ల పెట్టె
ఆదోని మార్కెట్ యార్డు వరండాలో
బార బారగా ఖాళీ అవుతా ఉంది.
వేళ్ల నిండా పత్తి నూగు.
పై తోలు అంగుళమంత వలిస్తే
లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు,
జడలల్లుకుని.

విప్పి, నిమిరి, వరసగా పేర్చి
అద్దం లాంటి కనెక్టర్‌లోకి తోస్తే
ఏదో ఒకటి వెనక్కి తగ్గేది
బడికి పోనన్న పిల్లోడి మాదిరి.
క్రింపర్ నొక్కితే కటుక్కు.
ఆ చప్పుడైనాక ఇంక మార్చేది లేదు.
చెడినవన్నీ టీ గ్లాసులో వేసినా,
పద్నాలుగు.
నా జేబు నుంచే.

పరీక్షకు ఇద్దరు కావాల.
టెస్టర్ ఒక సగం నా దగ్గర, వేలం గదిలో.
రెండో సగం తూకం గదిలో
వాచ్‌మన్ ఉరుకుందప్ప చేతిలో.
ఆయనకి అక్షరం రాదు. దీపాలు లెక్కబెట్టను వచ్చు.
ఫోన్లో అరిచేవాడు:
"ఒకటి ఎలిగింది. రెండు ఎలిగింది.
మూడు... మింగేసింది సామీ."
మళ్లీ కోత. మళ్లీ వలుపు.
పొద్దు గుంకే యాళకి
ఒకటి నుంచి ఎనిమిది దాకా
పచ్చగా నడిచి పోయినాయి, ఎవరూ తప్పిపోకుండా.
అక్కడ ఉరుకుందప్ప చప్పట్లు కొట్టినాడు.
ఇక్కడ ఫోన్లో వినపడింది.

మరుసటి దినం పదకొండుకు టెండరు.
కోసిగి నుంచి, కౌతాళం నుంచి వచ్చిన పత్తి
ఎండలో కుప్పలు.
తూకం గదిలో అంకె కొడితే
వేలం గదిలో తెర మీద చక్రం
తిరుగుతాంది, తిరుగుతానే ఉంది.
బోరాల మీద కూచున్న రైతు నన్ను చూస్తాడు.
నేను టెస్టర్‌ని చూస్తా.
ఎనిమిదీ వెలుగుతాయి.
మళ్లీ పెడతా. ఎనిమిదీ.
ఏ తప్పూ లేదని చెప్పే వస్తువు చేతిలో పెట్టుకుని
తప్పును యాడ వెతికేది?

జిరాక్స్ అంగడి ఎస్తేరమ్మను పిలుచుకొచ్చినారు.
పందొమ్మిదేళ్లు స్పిన్నింగ్ మిల్లులో నూలు చూసిన కండ్లు.
మిల్లు మూసినాక ఈ తీగలు నేర్చుకుంది.
టెస్టర్ దిక్కు చూడను కూడా లేదు.
కనెక్టర్‌ని ఎండకెత్తి
ఒక కన్ను మూసింది.
"ఈ వరస ఎవరు చెప్పినారు?"
నేనే పెట్టినా.
నారింజ జత, పచ్చ జత, నీలం జత, గోధుమ జత.
రెండు కొసలా ఒకటే వరస, చాలదా?

"చాలదు."
కోసేసింది.
"పచ్చ రెండిటినీ ఎడం చేసి
నడుమ నీలాలను కూచోబెట్టు.
బస్సులో మొగుడూ పెండ్లామూ
పిల్లోల్లను నడుమ పెట్టుకుని
ఇటొకరు అటొకరు కూచోరూ, అట్ల.
మూడుకీ ఆరుకీ మాట నడుస్తాది.
నువ్వేమో మూడుని పచ్చతో పంపిచ్చి
ఆరుని నీలంతో పంపిచ్చినావు.
ఊళ్లో గోలంతా వాళ్ల చెవుల్లోనే.
ఇద్దరూ మెలేసుకుని నడిస్తే
ఇద్దరికీ ఒకే గోల.
గోలకి గోల చెల్లు. మాట మిగుల్తాది."

మిల్లు చప్పుడుకి
ఆమె ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
నా జవాబు కోసం కుడి చెవి తిప్పింది.
నా దగ్గర జవాబు లేదు.

"అరంగుళం మించి పురి విప్పొద్దు.
పురి విప్పితే నెమిలికి అందం.
తీగకి కాదు."

పదకొండు ముప్పావుకు తెర మీద రేటు పడింది.
బోరాల మీది రైతు మొహం చూసినాక
చక్రం ఇంకాసేపు తిరిగి ఉంటే బాగుండు అనిపించింది.
ఆయన కండువా దులుపుకుని లేచినాడు.
నూగు గాల్లోకి లేచి
నా చేతుల మీదే వాలింది.

మిగిలిన ఆరు బారల ముక్కను
ఉరుకుందప్ప అడిగి తీసుకున్నాడు.
గేటు పక్కన రెండు మేకులకు కట్టి
పంచె ఆరేసినాడు.
సాయంత్రం పోతా పోతా చూసినా.
పై తోలు వలవలేదు, కొస కోయలేదు.
లోపల నాలుగు జతలూ
ఎవరూ అడక్కుండానే
మెలేసుకుని ఉంటాయి.
పంచె నుంచి నీళ్లు కారుతాన్నాయి.